మేనేజర్‌ను తిట్టుకుంటే తెగదు: సాఫ్ట్‌వేర్ కొలువులో పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయి?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఇంత టెన్షన్ ఎందుకని కావలిలో అడిగినా, కందుకూరులో అడిగినా, ఒంగోలు లాయరుపేటలో అడిగినా ఒకటే జవాబు: "మేనేజర్ మంచోడు కాదు." ప్రాజెక్టు మారితే తీరుతుందనుకుంటారు, కంపెనీ మారితే ఇంకా నయమనుకుంటారు. మారిన ఆర్నెల్లకు మళ్లీ అదే మాట. ఇన్ని కంపెనీల్లో ఇంతమంది మేనేజర్లు ఒకేలా ఎందుకు ప్రవర్తిస్తున్నారన్నది మాత్రం ఎవరూ ఆలోచించరు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. 'వర్క్ కల్చర్' అని మనం పిలుచుకునేదాంట్లో మనుషుల గుణం పాలు తక్కువ, కాంట్రాక్టు పాలు ఎక్కువ. కంపెనీ మన పనిని ఏ లెక్కన అమ్ముతోంది, నచ్చనివాడు లేచి వెళ్లిపోవడం ఎంత కష్టం అన్నవి తెలిస్తే మేనేజర్ అరుపులు, రాత్రి కాల్స్, రేటింగుల గొడవ, ఆఫీసుకు రమ్మనే మెయిళ్లు అన్నీ ఒకే తాడుకు ముడిపడి కనిపిస్తాయి.

ఈ సంగతి ఉద్యోగం చేసే పిల్లలకంటే ఇక్కడ ఉన్న తల్లిదండ్రులకు ఎక్కువ తెలియాలని నా కోరిక. నెల్లూరు నుంచి చెన్నై ఓఎంఆర్‌కు, ఒంగోలు నుంచి హైదరాబాద్‌కు, రెండు చోట్ల నుంచీ బెంగళూరుకు పోయిన పిల్లలు ఏ వీధిలో చూసినా ఉన్నారు. వాళ్లలో ఎవరికైనా ఉద్యోగం పోతే ఇంట్లో ముందు వచ్చే మాట "ఏం తప్పు చేశావురా?" అనే. చాలాసార్లు ఆ పిల్లలు చేసిన తప్పంటూ ఏమీ ఉండదు.

అమ్మేది గంటలు

మన సర్వీస్ కంపెనీలు సాఫ్ట్‌వేర్ అమ్ముతాయని అనుకుంటాం. వాటి రాబడిలో పెద్ద వాటా మనుషుల పనిగంటలది. అమెరికాలోని బ్యాంకో, బీమా కంపెనీయో ఇంత అనుభవం ఉన్న ఇంజినీరుకు గంటకు ఇన్ని డాలర్లు అని ఒప్పందం రాసుకుంటుంది. ఇంజినీరు జీతం కంపెనీకి ఖర్చు, క్లయింటు కట్టే బిల్లు రాబడి, మధ్యలో మిగిలేది లాభం. ఈ ఒక్క లెక్క పట్టుకుంటే చాలా చిక్కుముడులు విడిపోతాయి.

బిల్లు వచ్చే పనిలో నూటికి ఎంతమంది ఉన్నారన్న లెక్కను యుటిలైజేషన్ అంటారు. మూడు నెలలకోసారి ఫలితాలు ప్రకటించినప్పుడు ఇన్వెస్టర్లు దీన్ని గుచ్చి గుచ్చి అడుగుతారు. బిల్లు లేకుండా ఉన్నవాళ్లు 'బెంచ్' మీద ఉన్నట్టు. 2025 జూన్‌లో టీసీఎస్ తెచ్చిన నియమం ప్రకారం ఉద్యోగి ఏడాదిలో కనీసం 225 రోజులు బిల్లయ్యే పనిలో ఉండాలి, బెంచ్ మీద 35 రోజులు మించకూడదు. ప్రాజెక్టు ఇచ్చేది క్లయింటు, తెచ్చేది సేల్స్ వాళ్లు. అది దొరకకపోతే భారం మాత్రం ఇంజినీరుది. వ్యాపారం చేసేవాడు మోయాల్సిన రిస్కును జీతగాడి నెత్తిన పెట్టడం అన్యాయం. ఇందులో నాకు రెండో మాట లేదు.

ఇదే లెక్కలోంచి పిరమిడ్ కూడా పుట్టింది. అడుగున ఫ్రెషర్లు ఎక్కువమంది, పైన సీనియర్లు కొద్దిమంది ఉంటేనే లాభం నిలుస్తుంది. పెద్ద సర్వీస్ కంపెనీలు ఫ్రెషర్‌కు ఇచ్చే మొదటి జీతం పదేళ్లకు పైగా ఏడాదికి మూడు, మూడున్నర లక్షల దగ్గరే తచ్చాడుతోంది. ఈ పదేళ్లలో ఇంజినీరింగ్ ఫీజు ఆగిందా, హైదరాబాద్‌లో హాస్టల్ అద్దె ఆగిందా? మరోపక్క పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాళ్ల జీతం పెరుగుతూ పోయి క్లయింటు కట్టే రేటుకు దగ్గరపడుతుంది. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే 12 వేల పైచిలుకు మందిని తగ్గిస్తామన్నప్పుడు దెబ్బ ఎక్కువగా మధ్య, పై స్థాయుల మీదే ఉంటుందని కంపెనీయే చెప్పింది. నలభై దాటి, ఇంటి లోను సగంలో ఉండి, పిల్లలు స్కూల్లో ఉన్న వయసు అది. ఇరవై ఏళ్లు ఒళ్లు వంచి పనిచేసినవాళ్లను ఆ అనుభవమే ఖరీదైన సరుకుగా మార్చేసింది.

ఇక రాత్రి పని. న్యూయార్క్‌లో ఉదయం 9 అయ్యేసరికి మనకు ఎండాకాలంలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. కావలిలో మా బంధువుల ఇంటి మేడమీద ఒక గది ఉంది. కరోనా కాలంలో అక్కడ టేబుల్ వేశారు, ఇన్వర్టర్ కొత్తది కొన్నారు, ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని రెండు నెట్ కనెక్షన్లు పెట్టించారు. ఖర్చంతా ఇంటివాళ్లదే. కుర్రాడు ఉదయం పదింటికి ఇక్కడి టీమ్‌తో మొదలుపెట్టి, ఆరున్నరకు క్లయింటు కాల్ ఎక్కి, తొమ్మిదిన్నరకు దిగేవాడు. వాళ్లమ్మ కంచంలో అన్నం పెట్టుకుని పైకి వస్తే, మాట్లాడొద్దని వేలు చూపించి టేబుల్ మీద పెట్టమని సైగ చేసేవాడు. టైమ్‌షీట్‌లో నింపేది మాత్రం ఎనిమిది గంటలే. కాంట్రాక్టు ప్రకారం రోజుకు ఎనిమిదికి మించి బిల్లు చేసే వీల్లేదు. మిగతా మూడు గంటలూ ఏ కాగితం మీదా ఉండవు.

ఆ మూడు గంటలు ఎలా పుట్టాయో చూద్దాం. పోటీ కంపెనీకంటే తక్కువ రేటుకు ప్రాజెక్టు గెలవాలంటే ఆరుగురి పనికి నలుగురే చాలని కోట్ చేయాలి. మిగిలిన ఇద్దరి పని ఈ నలుగురు రాత్రుళ్లు చేస్తారు. మేనేజర్ అరిచేది ఆ ఇద్దరి ఖాళీ పూడ్చడానికే. ఆ అంకె ఆయనకు పైనుంచి వచ్చింది, ఆయన అప్రైజల్ దాని మీదే ఆధారపడి ఉంది. మంచి మేనేజర్ అయితే మర్యాదగా అడుగుతాడు, కాకపోతే కసురుకుంటాడు. తేడా అంతవరకే. గంటలు మాత్రం మారవు.

2023 అక్టోబర్‌లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ 90 గంటల దాకా వెళ్లారు. టీవీల్లో రోజుల తరబడి చర్చ నడిచింది. ఆ అదనపు గంటలకు డబ్బు ఎవరు కడతారన్న ప్రశ్న పెద్దగా వినిపించలేదు. నాకు ఆ చర్చ మొత్తం మీద ముఖ్యమైన ప్రశ్న అదొక్కటే.

చూసే కన్ను

గంటలు అమ్ముకునే చోట గంటల మీద నిఘా ఉండక తప్పదు. ఇది కంప్యూటర్లతో వచ్చిన జబ్బు కాదు. అమెరికన్ ఇంజినీరు ఫ్రెడరిక్ టేలర్ స్టాప్‌వాచ్ పట్టుకుని కార్మికుల కదలికలు కొలిచి, ఆ సిద్ధాంతాన్ని 1911లో పుస్తకంగా తెచ్చాడు. పని ఎలా చేయాలో ఆలోచించే హక్కు కార్మికుడి నుంచి తీసేసి ఆఫీసు గదికి మార్చడం అందులో అసలు సంగతి. ఇవాళ స్టాప్‌వాచ్ ల్యాప్‌టాప్ లోపలికి చేరింది. 2020లో మైక్రోసాఫ్ట్ 'ప్రొడక్టివిటీ స్కోర్' అని తెచ్చింది. ఏ ఉద్యోగి ఎన్ని మెయిళ్లు పంపాడో, ఎన్ని రోజులు చాట్ వాడాడో పేర్లతో సహా యాజమాన్యానికి కనిపించేది. గట్టిగా విమర్శలు రావడంతో పేర్లు తీసేసింది. 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డు మీద పని జరుగుతున్నట్టు నటించారన్న కారణంతో డజనుకు పైగా ఉద్యోగులను తీసేసింది. కీబోర్డు కదలడమే పని అని కంపెనీ అనుకున్నప్పుడు కీబోర్డును కదిలించే ఉపాయం ఉద్యోగి వెతుక్కుంటాడు. ఆ మోసాన్ని నేను సమర్థించను. అయితే ఆ కొలత పెట్టినవాళ్ల బాధ్యత కూడా అందులో ఉంది. కోడ్ రాసేవాడు అరగంట గోడకేసి చూస్తూ ఆలోచించి ఐదు లైన్లు రాస్తే, ఆ ఐదు లైన్లే రోజు మొత్తంలో విలువైన పని కావచ్చు. చాట్‌లో పేరు పక్కన చుక్క ఆకుపచ్చగా ఉందా లేదా అని చూసే సాఫ్ట్‌వేర్‌కు అది అర్థం కాదు.

ఆఫీసుకు రమ్మనడం కూడా ఇక్కడే కలుస్తుంది. టీసీఎస్ 2023 అక్టోబర్ నుంచి వారానికి ఐదు రోజులు ఆఫీసు తప్పనిసరి చేసింది, ఆ తర్వాత హాజరును వేరియబుల్ పేకు, అంటే జీతంలో పనితీరును బట్టి మారే భాగానికి ముడిపెట్టింది. హాజరు 60 శాతం కంటే తక్కువ ఉంటే ఆ డబ్బు రాదని నియమం పెట్టింది. కలిసి కూర్చుంటే కొత్తవాళ్లు పని తొందరగా నేర్చుకుంటారన్న వాదనలో నిజం ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ కావలి కుర్రాడి టీమ్‌లో సగంమంది పుణెలో, మిగతావాళ్లు చెన్నైలో ఉన్నారు. గచ్చిబౌలిలో పదహారు వేలు అద్దె కట్టి, గంట ట్రాఫిక్‌లో కూర్చుని, ఆఫీసుకు పోయి అదే హెడ్‌సెట్ పెట్టుకుని అదే కాల్‌లో మాట్లాడుతున్నాడు. అతను నేర్పడానికి గానీ నేర్చుకోవడానికి గానీ పక్కన ఎవరూ లేరు.

రేటింగుల సంగతి త్వరగా చెప్పేస్తాను. పై 20 శాతం, మధ్య 70, కింద 10 అని మనుషుల్ని విడగొట్టి కింది పదిని పంపించే పద్ధతికి జనరల్ ఎలక్ట్రిక్ అధిపతి జాక్ వెల్చ్ పేరు తెచ్చాడు. మైక్రోసాఫ్ట్ అలాంటిదే చాలా ఏళ్లు నడిపి 2013లో వదిలేసింది. మన దగ్గర 'బెల్ కర్వ్', 'నార్మలైజేషన్' పేర్లతో ఇంకా కొన్ని చోట్ల నడుస్తోంది. పదిమంది టీమ్‌లో పదిమందీ బాగా చేసినా ఒకరికి తక్కువ రేటింగు ఇవ్వాల్సిందే. ఆ ఒక్కరు ఎవరన్నది పనిని బట్టి తేలదు. ఈ ఏడాది మెటర్నిటీ లీవులో ఎవరున్నారు, కొత్తగా ఎవరొచ్చారు, ఎవరు ఎదురుమాట్లాడరు అన్నదాన్ని బట్టి తేలుతుంది.

తలుపు ఎటు నుంచి తెరుచుకుంటుంది?

నచ్చకపోతే మానేయొచ్చు కదా అంటారు. ఇక్కడే అసలు పగ్గం ఉంది. మన దేశంలో పెద్ద ఐటీ కంపెనీల్లో నోటీస్ పీరియడ్ తరచుగా 90 రోజులు. కొత్త కంపెనీ ముప్పై రోజుల్లో చేరమంటుంది. మధ్యలో వదిలేసి వస్తే పని నుంచి పంపించామని ఇచ్చే రిలీవింగ్ లెటర్ ఇవ్వరు, అది లేకపోతే కొత్త కంపెనీ చేసే పాత ఉద్యోగాల విచారణ (బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్) తేలదు. ఎన్ని కంపెనీలు మారినా పీఎఫ్ ఖాతాల యూఏఎన్ నెంబరు ఒకటే కాబట్టి ఏ నెలలో ఎవరి దగ్గర పనిచేశారో దాచడానికి వీల్లేదు. ఇవన్నీ ఒక్కొక్కటిగా చూస్తే మామూలు ఆఫీసు కాగితాలే. కలిపి చూస్తే గడియ పెట్టిన తలుపు.

ఫ్రెషర్లకు దీనికి తోడు బాండు, అంటే ఇన్నేళ్లు పనిచేయాలి, లేదంటే డబ్బు కట్టాలన్న ఒప్పందం. మన జిల్లాల కాలేజీల్లో క్యాంపస్ సెలెక్షన్ వచ్చిన సంబరంలో ఆ కాగితం చదివేవాళ్లు తక్కువ. చట్టం ఏం చెబుతోందో రెండు వైపులా తెలుసుకోవాలి. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో సెక్షన్ 27 ప్రకారం, ఉద్యోగం మానేశాక ఫలానా కంపెనీలో చేరకూడదని కట్టడి చేసే ఒప్పందం చెల్లదు. అలాగని బాండు ఏదీ చెల్లదనుకుంటే పొరపాటు. 2025 మే నెలలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్లు పనిచేయాలి, లేదంటే రెండు లక్షలు కట్టాలన్న షరతును సమర్థించింది. ఉద్యోగంలో ఉన్న కాలానికి పెట్టే షరతు వేరు, వెళ్లిపోయాక బతుకుతెరువును అడ్డుకునే షరతు వేరు. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామనే చిన్న కంపెనీలకు మాత్రం దూరంగా ఉండాలి. అక్కడ మాట్లాడుకోవడానికి ఏమీ లేదు.

ఇది వెనకబడిన చోట్ల కష్టమని అనుకోవద్దు. సిలికాన్ వ్యాలీలో యాపిల్, గూగుల్, ఇంటెల్, అడోబీ కంపెనీలు ఒకరి ఇంజినీర్లను ఒకరు పిలవకూడదని లోపాయికారీగా కుదుర్చుకున్నాయి. జీతాలు పెరగకుండా ఆపే పని అది. ఉద్యోగులు కలిసి కోర్టుకు వెళ్తే 2015లో 41.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ప్రపంచంలో ఎక్కువ జీతం తీసుకునే ప్రోగ్రామర్లే తమకు తెలియకుండా కట్టుబడి ఉన్నారంటే, ఒంగోలు నుంచి వెళ్లిన ఫ్రెషర్ సంగతి చెప్పేదేముంది? అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న మనవాళ్లది మరీ బిగుసుకున్న ముడి. ఉద్యోగం పోయిన రోజు నుంచి 60 రోజుల్లో ఇంకో కంపెనీ దొరక్కపోతే సామాను సర్దుకోవాల్సిందే. అలాంటివాడు మేనేజర్‌కు 'కాదు' అని ఎలా చెబుతాడు?

తలుపు కంపెనీ వైపు నుంచి తెరుచుకోవడం మాత్రం చాలా తేలిక. బెంగళూరులో పనిచేసే మా బంధువుల అమ్మాయికి ఒక శుక్రవారం సాయంత్రం నాలుగింటికి క్యాలెండర్‌లో 'కనెక్ట్' అనే మీటింగ్ వచ్చింది. అజెండా లేదు. కాల్‌లో మేనేజర్‌తో పాటు హెచ్ఆర్ కూడా ఉన్నారు. "మీరే రిజైన్ చేస్తే రెండు నెలల జీతం, మంచి రిలీవింగ్ లెటర్ ఇస్తాం. లేదంటే టర్మినేషన్, అది రికార్డులో ఉండిపోతుంది. ఆరింటిలోపు పోర్టల్‌లో పెట్టేయండి." ఆ అమ్మాయి ఏడుస్తూ నెల్లూరులో వాళ్ల నాన్నకు ఫోన్ చేసింది. టీచరుగా రిటైరైన మనిషి ఆయన. "పేరు పోకూడదమ్మా, వాళ్లు చెప్పినట్టే చెయ్యి" అన్నారు. కూతురి మీద ప్రేమతోనే అన్నారు. ఆ ఒక్క క్లిక్‌తో చట్టం ఇచ్చే రక్షణ మొత్తం ఆమె చేతిలోంచి జారిపోయింది.

ఎలాగంటే, రాజీనామా చేస్తే ఇష్టపడి వెళ్లినట్టు. తప్పు చేశారన్న శిక్షగా కాకుండా కంపెనీ తీసేస్తే అది రిట్రెంచ్‌మెంట్. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం, కనీసం ఏడాది పనిచేసిన కార్మికుణ్ని అలా తీసేయాలంటే నెల నోటీసో నెల జీతమో ఇవ్వాలి, పనిచేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం కట్టాలి, మామూలుగా చివర చేరినవాళ్లను ముందు పంపాలి. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఈ నియమాలు ఉన్నాయి. రాజీనామా చేసినవాళ్లకు ఇవేవీ వర్తించవు. కంపెనీ 'మీరే రిజైన్ చేయండి' అని బతిమాలినట్టు మాట్లాడటానికి, బెదిరించడానికి కూడా కారణం ఇదే.

సాఫ్ట్‌వేర్ ఇంజినీరు కార్మికుడు ఎలా అవుతాడని మన ఇళ్లల్లోనే నవ్వుతారు. చట్టంలో 'టెక్నికల్' పని అన్న మాట స్పష్టంగా ఉంది. హోదాలో లీడ్ అనో, కన్సల్టెంట్ అనో రాసి ఉన్నంత మాత్రాన మేనేజర్ అయిపోరు. కోర్టులు చూసేది ఉద్యోగి రోజూ చేసే పనిని. 2015 జనవరిలో చెన్నైలో ఒక గర్భిణి ఇంజినీరు తొలగింపు మీద మద్రాసు హైకోర్టు స్టే ఇచ్చింది. ఐటీ ఉద్యోగులు యూనియన్ పెట్టుకోవచ్చని తమిళనాడు ప్రభుత్వం 2016లో తేల్చి చెప్పింది. బెంగళూరులో 2017 నుంచి కీటూ అనే యూనియన్ ఉంది, రోజుకు 14 గంటల పని ప్రతిపాదన 2024లో వచ్చినప్పుడు గట్టిగా ఎదిరించింది కూడా. అయినా మన పిల్లలు యూనియన్ అంటే భయపడతారు, తల్లిదండ్రులు ఇంకా భయపడతారు.

ఆ భయం పోవాలంటే మన పొగాకు రైతును చూడాలి. వర్జీనియా పొగాకు టంగుటూరు, కొండపి, పొదిలి, కలిగిరి వేలం కేంద్రాల్లో అమ్ముడవుతుంది. 1976లో వచ్చిన పొగాకు బోర్డు రైతుకు రిజిస్ట్రేషన్ ఇస్తుంది, బేళ్లు తూకం వేయిస్తుంది, ఏ బేలు ఎంతకు పోయిందో అందరి ముందూ నమోదవుతుంది. కొనేది గుప్పెడు కంపెనీలే. ధర పడిపోయిన ఏళ్లున్నాయి, నోబిడ్, అంటే ఎవరూ పాడలేదని బేళ్లు వెనక్కి తెచ్చుకున్న రోజులున్నాయి. అయినా రైతుకు అడగడానికి ఒక చోటుంది, రోడ్డెక్కితే పక్కన ఇంకో రైతు ఉంటాడు. పర్చూరు వైపు పండించే నల్ల బర్లీ రకం పొగాకు ఆ బోర్డు పరిధిలో లేదు. 2025లో కంపెనీలు చేతులెత్తేసి ధర కుప్పకూలితే, ప్రభుత్వం తన సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్‌ను దించి కొనిపించేదాకా ఆ రైతుకు దిక్కు లేకపోయింది. ఐటీలో ఉద్యోగి పరిస్థితి ఇప్పుడు బర్లీ రైతుదే. గ్రేడు వేసేది, ధర కట్టేది, వద్దనేది అన్నీ కొనేవాడే.

ప్రభుత్వాలు కంపెనీలను రప్పించుకునే పోటీలో ఉన్నాయి కాబట్టి బోర్డు లాంటిది పైనుంచి దిగి వస్తుందని నేను ఆశించడం లేదు. కర్ణాటక 2014 నుంచి ఐటీకి, ఉద్యోగ నిబంధనలను రాతపూర్వకంగా పెట్టమనే స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం నుంచి మినహాయింపు ఇస్తూ, 2024లో మళ్లీ పొడిగించింది. మన రాష్ట్ర మంత్రివర్గం 2025 జూన్‌లో రోజువారీ పని పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచాలని నిర్ణయించింది. కాబట్టి ఉద్యోగులే పక్కవాడితో జీతం, రేటింగు, గంటల గురించి నోరు విప్పి మాట్లాడుకోవడం దగ్గర మొదలుపెట్టాలి. ఫ్రెషర్ జీతం పదేళ్లుగా కదలకపోవడానికి ఆ మౌనం కూడా ఒక కారణమని నేను నమ్ముతాను.

ఈలోపు ఇంట్లో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఆఫర్ లెటర్, ప్రతి నెలా పేస్లిప్, ఇచ్చిన ప్రతి రేటింగు లెటర్ కంపెనీ ల్యాప్‌టాప్‌లో కాకుండా సొంత మెయిల్‌లో ఉండాలి, ఎందుకంటే లాగిన్ తీసేశాక అవి దొరకవు. కంపెనీ కోడ్, క్లయింటు ఫైళ్ల జోలికి మాత్రం పోకూడదు, అది వేరే కేసు అవుతుంది. కొత్త వేతన కోడ్ ప్రకారం తీసేసినా, మానేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలి. నలభై ఐదు రోజుల్లో ఫైనల్ సెటిల్‌మెంట్ అని చెప్పే హెచ్ఆర్‌ను ఆ నియమం చూపించి అడగొచ్చు. అజెండా లేని కాల్ వచ్చి రాజీనామా చేయమంటే, "మీరు చెప్పింది మెయిల్‌లో పంపండి, చదువుకుని సోమవారం చెబుతాను" అంటే చాలు. గొంతు పెంచాల్సిన పనిలేదు. ఆ సాయంత్రం నెల్లూరుకో ఒంగోలుకో ఫోన్ వస్తే, ఇక్కడున్నవాళ్లు ముందు అడగాల్సింది ఒకటే: "ఏదైనా సంతకం పెట్టావా? పోర్టల్‌లో ఏమైనా నొక్కావా?" ఇంకా నొక్కకపోతే, లేబర్ కేసులు చూసే లాయర్‌ను కలిసేదాకా నొక్కొద్దని చెప్పాలి.